అరచేతి యంత్రములో లెక్కల పట్టిక

ఒక చిట్టాలోని లెక్కలను మఱియొక చిట్టాకు ఎత్తి వ్రాయు గుమాస్తా, తన కంటికి కనబడినది అంకెయో, పేరో, తేదీయో తెలిసికొనుటకు క్షణమైనను ఆలోచింపడు; గీత తప్పిన అంకెను సరియైన గీత క్రిందికి చేర్చును, అతుకుకొనిపోయిన రెండు మాటలను విడదీయును, మధ్యనున్న ఖాళీ మఱపువలన కలిగినదో, నిజముగా విలువ లేకపోవుటవలన కలిగినదో గ్రహించి తగినట్లు నడచుకొనును. కంప్యూటరునకు అట్టి వివేకము లేదు. దానికి చేరునది అక్షరముల వరుస మాత్రమే. అందులో ఏది అంకె, ఏది మాట, ఒక విలువ ఎచ్చట ముగిసి రెండవది ఎచ్చట మొదలగునను సంగతి ఎవరైన ముందుగా నిర్ణయించి చెప్పవలసినదే. నేటి పెద్ద స్ప్రెడ్‌షీట్లు ఈ నిర్ణయములలో పెక్కింటిని మనల నడుగకయే తామే చేసికొని పట్టికను చక్కగా తీర్చి చూపును గనుక, ఇందులో నిర్ణయమనున దొకటి కలదని సామాన్యముగా మనకు తోచదు. అది యెట్టిదో చూడగోరువారు మూడు దశాబ్దముల క్రిందటి యొక అరచేతి యంత్రమును చేతికి తీసికొనుట మేలు.

హ్యూలెట్ పాకర్డ్ సంస్థవారు 1994లో విడుదల చేసిన 200ఎల్‌ఎక్స్ అనునది అట్టి యంత్రము. మూసినప్పుడు దాని పొడవు 16 సెంటీమీటర్లు, వెడల్పు 9 సెంటీమీటర్లకు లోపు, మందము రెండున్నర సెంటీమీటర్లు, బరువు 300 గ్రాములకు కొంచె మెక్కువ. చొక్కాజేబునకు బరువేగాని కోటుజేబునకు కాదు. రెండు పెన్సిలు బ్యాటరీలతో వారముల తరబడి పనిచేయును. తెరకు వెనుకనుండి వెలుతురు లేదు; అందుచేత చీకటిలో చదువ వీలులేకపోయినను, మిట్టమధ్యాహ్నపు టెండలో నేటి ఖరీదైన ఫోనులకంటె స్పష్టముగా చదువవచ్చును. ఎం.ఎస్. డాస్ 5.0, దానితోపాటు లోటస్ 1-2-3 అను లెక్కల పట్టిక, రెండును యంత్రములోని శాశ్వత జ్ఞాపికయందే పొదుగబడి యుండుటవలన, వానిని ఏ డిస్కునుండియు ఎక్కింపవలసిన పనిలేదు. లోటస్ కొఱకు మీటల పలకపై ప్రత్యేకముగా ఒక మీటయే కలదు. దానిని నొక్కినంతనే పట్టిక తెరచుకొనును. జేబుకంప్యూటరును చేయదలచినవారు ఒక లెక్కల పట్టికకు ఇంతటి గౌరవ మిచ్చుటను బట్టియే, ఆ కాలమున అది వ్యాపారస్థులకును ఇంజనీర్లకును ఎంత నిత్యావసరమై యుండెనో ఊహింపవచ్చును. 1991లో వచ్చిన దాని పూర్వరూపమగు 95ఎల్‌ఎక్స్ నాటినుండియు లోటస్ ఈ కుటుంబమును విడువలేదు. 1999లో 200ఎల్‌ఎక్స్ తయారీ నిలిచిపోయినను, దానిని బాగుచేసికొనుచు వాడుకొనువారు ఆ తరువాతను చాలకాలము నిలిచియున్నారు.

వ్యక్తిగత కంప్యూటర్లలో లెక్కల పట్టికల చరిత్ర 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను నిరువురు రూపొందించిన విసికాల్క్‌తో మొదలైనది. మిచ్ కపోర్ స్థాపించిన సంస్థనుండి 1983లో వెలువడిన లోటస్ 1-2-3 దానిని మించిపోయినది. ఇవి రెండును అక్షరముల తెరపై నడచునవి. అనగా పట్టికలో బొమ్మలు లేవు, మౌసు లేదు, రంగురంగుల గీతలు లేవు. లోటస్ తెర మీద 80 అక్షరముల వెడల్పు, 25 పంక్తుల ఎత్తు గల చదును నేల యున్నది, అందులోనే నిలువు వరుసలకు ఎ, బి, సి అను గుర్తులును, అడ్డు వరుసలకు 1, 2, 3 అను సంఖ్యలును వేయబడియుండును. కర్సరు ఏ గడిపై నిలిచెనో ఆ గడి చిరునామాయు, అందులో నిజముగా దాగియున్న వస్తువును తెర తల భాగమున ఒక పంక్తిలో కనబడుచుండును. ఈ పంక్తి చాల ముఖ్యమైనది. క్రింద గడిలో 25 అని కనబడుచుండగా, పై పంక్తిలో ఆ 25కు ముందు ఒంటి కొటేషను గుర్తు ఉన్నచో, అది అంకె కాదు, అంకె వేషము ధరించిన మాట. లోటస్ దృష్టిలో మాటల విలువ సున్న. మొత్తము కట్టుమన్నచో ఆ 25ను మౌనముగా విడిచిపెట్టి తక్కినవానిని కూడును. ఏ హెచ్చరికయు చేయదు.

పట్టికను గూర్చిన మాట అటుండ, బయటి ఫైలు ఆ యంత్రములోనికి ముందు రావలయును గదా! అందులకు మూడు త్రోవలు గలవు: పెద్ద కంప్యూటరుతో కలుపు సీరియల్ తీగ, కంటికి కనబడని పరారుణ కిరణము, ప్రక్కన దూర్చు కార్డు. తీగ దొరకుట నేడు దుర్లభము, కిరణమునకు ఎదుట మాటాడువాడు లేడు. కావున కార్డే సుగమమైన మార్గము. పాత కెమెరాలలో వాడిన కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డును ఒక చిన్న అడాప్టరులో అమర్చి దూర్చినచో, యంత్రము దానిని ఎ డ్రైవుగా గుర్తించును. అయితే డాస్ 5.0కు ఫ్యాట్ 32 పద్ధతి తెలియదు. కార్డును ఫ్యాట్ 16 పద్ధతిలోనే సిద్ధము చేసికొనవలెను. ఫైలు పేరు ఎనిమిది అక్షరములకు మించరాదు, చుక్క తరువాతి తోక మూడక్షరములకు మించరాదు. ఇంకొక చిత్రమేమనగా, లోటస్ దిగుమతికై ఫైళ్ళ జాబితాను చూపునప్పుడు పి.ఆర్.ఎన్. అను తోకగల ఫైళ్ళనే చూపును. సి.ఎస్.వి. తోకతో తెచ్చిన ఫైలు కార్డులో నిక్షేపముగా నున్నను జాబితాలో కనబడదు. క్రొత్తవాడు ఫైలు పోయినదని భ్రమపడి మరల మరల ఎక్కించుచుండును. పేరు మార్చుటయో, పూర్తి పేరు టైపు చేయుటయో చాలును.

ఇక అసలు విషయము. స్లాష్ మీటను నొక్కినచో తెర పైభాగమున ఆజ్ఞల వరుస ప్రత్యక్షమగును. అందులో ఫైలు, దాని క్రింద ఇంపోర్టు, దాని క్రింద టెక్స్టు, నంబర్లు అని రెండు దారులు. ఏ దారిని పట్టినను, వచ్చిన డేటా కర్సరున్న గడినుండి మొదలుపెట్టి క్రిందికిని కుడికిని పఱచుకొనిపోవును. అంతకుముందు అచ్చట ఏమున్నను దానికి లెక్క లేదు, దానిపైననే వ్రాయును. కావున దిగుమతికి ఎప్పుడును ఖాళీ పట్టికనే ఎన్నుకొనవలయునను నియమమును పాతవారు శ్రద్ధతో పాటించెడివారు.

నంబర్ల దారి చూచుటకు సులువైనది, లోతున మోసము గలది. ఈ దారిలో లోటస్ అంకెలను అంకెలుగా స్వీకరించును. జంట కొటేషను గుర్తులలో నున్నదానిని మాటగా స్వీకరించును. కొటేషను లేని మాటలను అసలు చూడనే చూడదు. సోనా మసూరి, 25, 1450 అని ఒక పంక్తి రోమను లిపిలో ఉన్నదనుకొందము. పేరునకు కొటేషను గుర్తులు లేనిచో పట్టికలో 25, 1450 మాత్రమే మిగులును, ఏ సరకు లెక్కయో చెప్పు నాథుడు లేడు. ఇంకను ప్రమాదకరమైనది కామా. మన దేశమున లక్షా ఇరువదియైదు వేలను 1,25,000 అని వ్రాయుట మనకు అలవాటు. ఆ కామాలు చదువరి కంటికి విశ్రాంతి నిచ్చుటకై పెట్టినవి. లోటస్‌కు అవి గడికిని గడికిని నడుమ సరిహద్దులు. అందుచేత ఆ మొత్తము మూడు ముక్కలై, మొదటి గడిలో 1, రెండవ గడిలో 25, మూడవ గడిలో 0 చేరును. మూడు సున్నలు ఒక సున్నగా కుదించుకొనిపోవుట గమనింపదగినది. అంకెకు ముందున్న సున్నలకు గణితమున విలువ లేదు గనుక యంత్రము వానిని నిలుపుకొనదు. ఈ కారణముచేతనే విజయవాడ ఎస్.టి.డి. కోడు 0866 కేవలము 866 అగును, హైదరాబాదు 040 కాస్తా 40 అగును. వానిని కూడుటకు గాని హెచ్చవేయుటకు గాని ఎవరును వాడరు. అవి అంకెల రూపములో నున్న పేర్లు. వానిని కొటేషను గుర్తులలో పెట్టి మాటలుగానే పంపవలెను. ఏ అంకెతో లెక్క కట్టుదుము, ఏ అంకెతో కట్టము అను ప్రశ్న వేసికొనినచో, ఏది విలువయో ఏది గుర్తో తేలిపోవును. ఈ ప్రశ్నను ఫైలు తయారుచేయువాడు పెద్ద కంప్యూటరు దగ్గఱనే వేసికొనుట ఉత్తమము, ఏలయన చిన్న తెరపై వేయి పంక్తులను సరిదిద్దుట కంటికిని వ్రేళ్ళకును శిక్ష.

టెక్స్టు దారి వేఱు. ఇందులో లోటస్ ఏ నిర్ణయమును చేయదు. ఫైలులోని ఒక్కొక్క పంక్తిని మొత్తముగా ఒక్కొక్క గడిలో పొడుగాటి మాటగా పడవేయును. అదంతయు కళ్ళములో రాశి పోసిన ధాన్యమువంటిది; కొలిచి గాదెల కెత్తు పని తరువాత జరుగవలెను. ఆ పనికి డేటా పార్స్ అను ఆజ్ఞ కలదు. నా దృష్టిలో లోటస్ మొత్తమునందును ఇంత తెలివిగా, ఇంత నిజాయితీగా నిర్మింపబడిన భాగము మఱొకటి లేదు. కర్సరును మొదటి పంక్తిపై నిలిపి ఫార్మాట్ పంక్తిని సృష్టింపుమన్నచో, లోటస్ ఆ పంక్తిని పరీక్షించి, దానికి పైన క్రొత్తగా ఒక వరుసను చేర్చి, అందులో తన ఊహను చిహ్నములతో వ్రాసి చూపును. మాట మొదలగుచోట ఎల్, విలువ మొదలగుచోట వి, తేదీకి డి, సమయమునకు టి. ఆ విలువ ఎంతవఱకు సాగునో అంతవఱకు బాణపు గుర్తులు. ఖాళీలున్న చోట నక్షత్రములు. పైన చెప్పిన సరకు పంక్తికి, కామాలు లేక ఖాళీలతో సర్దినప్పుడు, అది యిట్లు కనబడును:

|ఎల్>>>*ఎల్>>>>>*వి>*వి>>>

యంత్రములో ఎల్, వి అనునవి ఒక్కొక్క అక్షరమే గనుక ప్రతి చిహ్నమును క్రింది పంక్తిలోని ఒక్కొక్క అక్షరమునకు సరిగా పైన నిలుచును. ఇది చదువుటకు రెండు నిమిషములు అలవాటు చేసికొనిన చాలును. సోనాకు ఒక ఎల్, మసూరికి ఒక ఎల్: అనగా యంత్రము ఈ రెండును వేఱువేఱు వస్తువులని తలచినది. నడుమ ఖాళీయున్నది, పాపము దాని తప్పేమి! దాని ఊహ మనముందే ఉన్నది. తప్పని తోచినచో దిద్దవచ్చును. నడుమనున్న నక్షత్రమును, రెండవ ఎల్‌ను చెరిపి వాని స్థానమున రెండు బాణపు గుర్తు లుంచినచో సోనా మసూరి ఒకే గడికి చేరును. మనవారి పేర్లలో ఇంటిపేరు, పేరు, రావుగారో శాస్త్రిగారో అను తోక కలిసి మూడు నాలుగు మాటలుండుట సామాన్యము గనుక, తెలుగువారి జాబితాలను ఇట్లు దిగుమతి చేయునపుడు ఈ దిద్దుబాటు దాదాపు తప్పనిసరి. పై వరుసలో శీర్షికలున్నచో వానికొక ఫార్మాట్ పంక్తి, క్రింది లెక్కలకు వేఱొక ఫార్మాట్ పంక్తి పెట్టుట ఆచారము. శీర్షికలలో అంతయు మాటలే గనుక ఒకే పంక్తితో రెండు పనులు నెరవేఱవు. పిమ్మట, ఫార్మాట్ పంక్తితో సహా ఏ నిలువు వరుసను విడగొట్టవలెనో చూపి, ఫలితము ఎచ్చట పఱచవలెనో ఒక గడిని చూపి, గో అనినచో పని ముగియును. అసలు వరుస చెక్కుచెదరక అట్లే యుండును. ఫలితము నచ్చనిచో ఫార్మాట్ పంక్తిని మార్చి మరల చేయవచ్చును.

ఇందులకు ఒక షరతు గలదు. అన్ని పంక్తులలోను ఆయా విలువలు ఒకే స్థానమున మొదలుకావలెను; ఎనిమిదవ అక్షరముకడ మొదలైన అంకె తరువాతి పంక్తిలో పదవ అక్షరముకడ మొదలైనచో దాని తలయో తోకయో తెగిపోవును. ట్యాబులతో సర్దిన ఫైలు పెద్ద తెరపై తిన్నగా కనబడినను లోపల వంకరయే గనుక, ట్యాబులను ముందే ఖాళీలుగా మార్చి తేవలెను.

తేదీలను గూర్చి ఒక మాట. లోటస్‌లో తేదీ యనగా 1900 జనవరి 1వ తేదీని 1గా గణించిన దినసంఖ్య. 2000 జనవరి 1వ తేదీ 36526. వాస్తవమునకు ఆ సంఖ్య ఒకటి తక్కువగా నుండవలసినది. 1900వ సంవత్సరము లీపు సంవత్సరము కాకపోయినను లోటస్ దానిని లీపు సంవత్సరముగా ఎంచి, ఎన్నడును లేని ఫిబ్రవరి 29ని లెక్కలో చేర్చినది. తరువాత వచ్చిన ఎక్సెల్, లోటస్ పట్టికలతో పొసగుటకై ఆ తప్పును తెలిసియే స్వీకరించినది. నేటికిని దానిని మోయుచునే యున్నది. అందుచేత రెండింటికి నడుమ దినసంఖ్యలను అంకెలుగానే పంపుకొనినచో తేదీలన్నియు భద్రముగా చేరును, ఇరువురిదియు ఒకే తప్పు గనుక!

తెలుగు లిపి సంగతి వేఱు. ఈ యంత్రము పుట్టినది యూనికోడు ఇంకను ఇండ్లలోనికి రాని రోజులలో. నేటి ఫైళ్ళలో వాడు యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు పట్టును; డాస్‌కు ఒక్కొక్క బైటు ఒక్కొక్క అక్షరము. అందుచేత డాస్ అక్షరముల పట్టికయగు 437వ కోడ్ పేజీలో తెలుగు ఫైలును తెరపై చూపుమన్నచో, ప్రతి తెలుగు అక్షరమునకు మొదట గ్రీకు ఆల్ఫా, పిదప చుక్కలతో నింపిన గడి, ఆపైన ఏదో యొక విచిత్రాకృతి వరుసగా దర్శనమిచ్చును. దీనికి మందు పాతదే: రోమను లిపిలో తెలుగు వ్రాయుటకు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమున పుట్టిన ఆర్.టి.ఎస్. పద్ధతి. పెద్ద అక్షరములకును చిన్న అక్షరములకును భేదము పాటించి మూర్ధన్యములను వేఱుపఱచు ఆ పద్ధతి, ఇంటర్నెట్టు తొలినాళ్ళలో విదేశముల నున్న తెలుగువారు ఉత్తరప్రత్యుత్తరములకు వాడినదే. లోటస్ పెద్ద చిన్న అక్షరముల భేదమును చెడగొట్టదు గనుక, అట్లు వ్రాసిన పేర్లు పట్టికలోనికి పోయి, తిరిగి పెద్ద కంప్యూటరునకు వచ్చి మరల తెలుగు లిపి కాగలవు.

డాస్ కాక లినక్సు నడచు చేతియంత్రములును గలవు. షార్ప్ వారి జారస్, 2010లో వచ్చిన బెన్ నానోనోట్ అట్టివి. నానోనోట్ తెర 320 చుక్కల వెడల్పు, 240 చుక్కల ఎత్తు మాత్రమే. 200ఎల్‌ఎక్స్‌కంటె వేగములో ఎన్నో రెట్లు గొప్పదైనను, ఒక్కసారి తెరపై చూడదగిన గడుల సంఖ్యలో పేదది. లినక్సు లోకమున అక్షరముల తెరపై నడచు పట్టికకు ఎస్‌సీ అని పేరు. దీని మూలమును, పిమ్మట జావా భాషను సృష్టించిన జేమ్స్ గాస్లింగ్ వ్రాసెను. తరువాత ఎందఱో చేయివేసిరి. ఇందులో వరుసల సంఖ్య 1తో గాక సున్నతో మొదలగును. ఎస్‌సీ దాచుకొను ఫైలు సైతము మామూలు అక్షరములతో నుండునది. ఏ ఎడిటరుతోనైన తెరచి, ఏ గడిలో ఏ విలువ నుంచవలెనో ఒక్కొక్క పంక్తిలో చదువవచ్చును. బయటి డేటాను ఆ రూపమునకు మార్చుటకు పీఎస్‌సీ అను చిన్న సహాయక ప్రోగ్రాము కలదు.

ఈ పీఎస్‌సీ స్వభావమును ఎఱిగియుండవలెను. వేఱుగా చెప్పనంతవఱకు, వరుసగా వచ్చిన రెండు మూడు విభాజక చిహ్నములను అది ఒక్కటిగానే ఎంచును. ఖాళీలతో సర్దిన పట్టికకు ఇది మేలే. కాని కామాలతో విడదీసిన ఫైలులో ఒక విలువ లేక రెండు కామాలు ప్రక్కప్రక్కనే పడినచో, ఆ ఖాళీ గడి మాయమై, దాని కుడివైపునున్న విలువలన్నియు ఒక్కొక్క గడి ఎడమకు జరిగి, జీతముండవలసిన చోట ఇంటి అద్దెయు, అద్దె ఉండవలసిన చోట కరెంటు బిల్లును కూర్చుండును. అన్ని విభాజకములను నిలుపుమని చెప్పు ఐచ్ఛికము దానికి కలదు, దానిని మఱువరాదు. రెండవ చిక్కు ఇంతకంటె వినోదకరము. అంకెల నడుమ చిన్న అడ్డగీత యున్నను పీఎస్‌సీ దానిని అంకెగానే ఎంచి పంపును. 12-5-1998 అను తేదీని అట్లు పంపినచో, ఎస్‌సీ దానిని తీసివేతగా గ్రహించి, పండ్రెండులోనుండి అయిదును, దానిలోనుండి 1998ని తీసివేసి, ఋణ 1991 అని గడిలో వ్రాసి చూపును. గణితము తప్పని ఎవరనగలరు! శుద్ధమైన అంకెలను మాత్రమే అంకెలుగా గ్రహింపుమను మఱియొక ఐచ్ఛికము ఈ బాధను నివారించును.

మరల 200ఎల్‌ఎక్స్ కడకు వత్తము. లోటస్ పట్టికకు 256 నిలువు వరుసలు, 8192 అడ్డు వరుసలు కలవని పుస్తకము చెప్పును. కాని పట్టిక మొత్తము పని జ్ఞాపికలోనే ఉండవలెను, డాస్ పని జ్ఞాపిక 640 కిలోబైట్లకు మించదు, అందులోను కొంత ఇతరుల పాలు. కావున పెద్ద ఫైలును తెచ్చునపుడు జ్ఞాపిక నిండినదను వార్త నడుమనే రావచ్చును. టెక్స్టు దారిలో తెచ్చి విడగొట్టినచో, విడగొట్టక ముందటి వరుస, విడగొట్టిన తరువాతి గడులు రెండును ఒకేసారి చోటు నాక్రమించును గనుక ఈ ముప్పు ఇంకను హెచ్చు. ఫైలును ముందే నెలవారీగానో, ఊరివారీగానో ముక్కలు చేసికొని తెచ్చుట దీనికి విరుగుడు.

దిగుమతి సరిగా జరిగినదో లేదో తెలిసికొనుటకు గడిగడియు చూడనక్కఱలేదు. పెద్ద కంప్యూటరులోనే ఫైలులోని పంక్తుల సంఖ్యను, అంకెల వరుస మొత్తమును ఒక కాగితముపై వ్రాసికొని, ఇచ్చట పట్టిక చెప్పు లెక్కతోను, మొత్తముతోను పోల్చిన చాలును. లెక్క సరిపోయి మొత్తము తగ్గినచో ఎచ్చటనో అంకె మాటగా మాఱినదన్నమాట. సున్నకు బదులు ఓ అను రోమను అక్షరము పడియుండుట ఇందులకు పరిపాటియైన కారణము. మాటలు గడికి ఎడమ అంచున, అంకెలు కుడి అంచున ఒరిగియుండును గనుక, ఆ వరుసను వేగముగా క్రిందికి జరుపుచు పోయినచో ఎడమకు ఒరిగిన దొంగ చప్పున పట్టుబడును. అటుపిమ్మట ఎక్స్‌ట్రాక్టు ఆజ్ఞతో అవసరమైన భాగమును మాత్రమే క్రొత్త ఫైలుగా దాచి, ముడి వరుసను విడిచిపెట్టవచ్చును. కాని మూలమైన పి.ఆర్.ఎన్. ఫైలును మాత్రము కార్డులోనే ఉంచుకొనుట మంచిది, ఏలయన యంత్రములోని సి డ్రైవు విద్యుత్తుపై ఆధారపడిన జ్ఞాపిక, పెన్సిలు బ్యాటరీలును లోపలి నాణెపు బ్యాటరీయు ఒకేసారి అయిపోయినచో అందులోనిదేదియు మిగులదు.